కాలం నుంచి పారిపోయిన కవి అనే కట్టుకథ

ఇంగ్లీషు కవిత్వంలో ఆధునికతావాదాన్ని గురించి, అంటే మొదటి ప్రపంచయుద్ధానికి కాస్త ముందు మొదలై రెండో యుద్ధం దాకా సాగిన, ఛందస్సునూ కథనక్రమాన్నీ భావాల పొందికనూ విరగ్గొట్టి కొత్తగా అతికిన ధోరణిని గురించి మాట్లాడేటప్పుడు టి.ఎస్. ఇలియట్ విషయంలో తరచు ఒకే కథ వినిపిస్తుంది. 1922లో 'ది వేస్ట్ లాండ్' ప్రచురించిన ఇలియట్ దేవుడు లేని లోకంలో నిలబడి మృత్యువు కళ్లలోకి సూటిగా చూసిన కవి అనీ, 1927 జూన్ 29న ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఫిన్‌స్టాక్ అనే పల్లె చర్చిలో బాప్తిస్మం పుచ్చుకొన్న ఇలియట్ ఆ చూపును పక్కకు తిప్పుకొన్నాడనీ, 1935 నుంచి 1942 దాకా రాసిన 'ఫోర్ క్వార్టెట్స్'లో కాలాన్నీ చావునూ శాశ్వతత్వం అనే దుప్పటి కింద కప్పేసి స్థిమితపడ్డాడనీ ఆ కథ సారాంశం. మొదటి కవి ధీరుడు, రెండో కవి పిరికివాడు. మొదటివాడు ఆధునికుడు, రెండోవాడు మాజీ ఆధునికుడు. ఒక మనిషి జీవితం ఇంత నున్నగా రెండు ముక్కలుగా తెగిందంటే అనుమానించవలసిన విమర్శకులే ఈ కథను తరగతి గదుల్లోకి మోసుకొచ్చారు.

దీని కింద పెద్దవాళ్ల సంతకాలే ఉన్నాయి. వర్జీనియా వుల్ఫ్ 1928 ఫిబ్రవరిలో తన అక్క వనెసా బెల్‌కు రాసిన ఉత్తరంలో ఇలియట్ ఆస్తికుడయ్యాడన్న కబురు చెబుతూ, ఇక తమ బృందానికి అతడు పోయినవాడి కిందే లెక్క అని తేల్చేసింది. జార్జి ఆర్వెల్ 1942లో, 'ఫోర్ క్వార్టెట్స్'లోని మొదటి మూడు కవితల మీద రాసిన సమీక్షలో, తొలినాటి నిస్పృహలో ఉన్న వెలుగు మలినాటి విశ్వాసంలో లేదనీ, ఆధునికుడు స్వర్గాన్ని అక్షరాలా నమ్మలేడు గనుక ఈ విశ్వాసం లోపల డొల్లే అనీ వాదించాడు. తొలిరోజుల్లో ఇలియట్ పక్షాన గట్టిగా నిలిచిన ఎఫ్.ఆర్. లీవిస్, 1975లో వచ్చిన 'ది లివింగ్ ప్రిన్సిపుల్'లో చాలా పుటలు వెచ్చించి, కాలాతీతమైన సత్యాన్ని ఎత్తిపట్టే ఆరాటంలో ఈ కవి కాలంలో బతికే మనిషి సృజనశక్తిని చిన్నబుచ్చాడని తీర్పు చెప్పాడు. వుల్ఫ్‌ది వేళాకోళం కలిసిన విసుగు, దాన్ని వాదంగా పట్టుకోనక్కర్లేదు. ఆర్వెల్, లీవిస్ చెప్పినవి మాత్రం వాదాలే, వాటికి జవాబు కవితల్లోంచే రావాలి.

ఈ రెండు వాదాల అడుగునా ఒకే ఊహ ఉంది: ఆధ్యాత్మికమైన ఆర్తి అంటే కాలం నుంచీ చావు నుంచీ తప్పించుకోవాలన్న కోరిక అని. తెలుగు పాఠకుడికి ఈ ఊహ వింతగా తోచాలి, ఎందుకంటే తెలుగు వాడుకలోనే శ్మశానవైరాగ్యానికీ ముముక్షుత్వానికీ మధ్య గీత స్పష్టంగా ఉంది. చితి కాలుతున్నంతసేపూ లోకమంతా అశాశ్వతమనిపించి, స్నానం చేసి ఇంటికొచ్చి విస్తరి ముందు కూర్చోగానే మాయమయ్యేది శ్మశానవైరాగ్యం. విడుదల కావాలన్న కోరికను పొద్దస్తమానం మోస్తూ, చేసే పనిలోనే దాన్ని సాధన చేసేది ముముక్షుత్వం. మొదటిది చావు ఎదురుపడితే తప్ప పుట్టదు, రెండోది చావును రోజువారీ లెక్కలోకి తీసుకొంటుంది. ఇలియట్ మలినాటి కవిత్వం మొదటి రకానిదని ఫిర్యాదుదారుల అభియోగం. కవితలు దగ్గర పెట్టుకొని చూస్తే లెక్క తలకిందులవుతుంది: చావును దూరంగా, పురాణపు తెర చాటున పెట్టి చూసింది 'ది వేస్ట్ లాండ్', కాలాన్ని ఊరూ పేరూ ఏడూ సహా నెత్తిన పెట్టుకొన్నది 'ఫోర్ క్వార్టెట్స్'.

అసలు 1927ను గోడలా నిలబెట్టడంలోనే మొదటి పొరపాటు ఉంది. ఇలియట్ తాత విలియం గ్రీన్‌లీఫ్ ఇలియట్ అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో యూనిటేరియన్ మతబోధకుడు. యూనిటేరియన్లంటే క్రీస్తు దైవత్వాన్నీ త్రిత్వాన్నీ పక్కనపెట్టి, నీతినీ సంఘసేవనూ మతసారంగా భావించే క్రైస్తవ శాఖవారు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడికి మంచిచెడ్డల పట్టిక చేతికొచ్చింది గాని పాపం, పరిహారం, పరలోకం అన్న మాటలు ఒంటికి తగిలే అవకాశం రాలేదు. హార్వర్డ్ విద్యార్థిగా 1910లో, ఇరవయ్యొకటో ఏట, అతడు నోటుపుస్తకంలో రాసుకొన్న ఒక చిన్న కవితలో పట్నపు వీధి రొద ఉన్నట్టుండి ఆగిపోయి, ఎన్నాళ్లుగానో కాచుకొన్న ఘడియ ముందు నిలబడ్డట్టు నిశ్శబ్దం కమ్ముకొంటుంది. 1914లో సెబాస్టియన్ అనే హతసాక్షి పేరు మీద, అంటే విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చిన సాధువు పేరు మీద, రాసిన కవితలో భక్తీ దేహమూ హింసా ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఇలాంటివాటిని అతడు అచ్చుకు ఇవ్వలేదు. క్రిస్టఫర్ రిక్స్ సంపాదకత్వంలో ఆ నోటుపుస్తకం 1996లో పుస్తకంగా వచ్చింది. వుల్ఫ్‌కూ ఆర్వెల్‌కూ లీవిస్‌కూ అది చూసే వీలు లేదు గనుక వాళ్లను తప్పుపట్టలేం. 1996 తర్వాత కూడా అదే పాట పాడేవాళ్లకు ఆ సాకు చెల్లదు.

చదువు సంగతీ అంతే. 1911 మొదట్లో పారిస్‌లో అతడు ఆన్రీ బెర్గ్‌సన్ ఉపన్యాసాలు విన్నాడు. గడియారం ముక్కలు కోసి కొలిచే కాలం వేరనీ, మనసు లోపల ఒకదానిలోకి ఒకటి కరుగుతూ సాగే కాలం వేరనీ బెర్గ్‌సన్ సిద్ధాంతం. ఆ ఏడే రాసిన 'రాప్సొడీ ఆన్ ఎ విండీ నైట్' కవితలో అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగింటి దాకా వేళలు లెక్కగా దొర్లుతుంటాయి, వీధిదీపాలు మాట్లాడుతుంటాయి, నడిచే మనిషి జ్ఞాపకాలు వేళకూ వేళకూ మధ్య చెల్లాచెదురవుతాయి, చివరికి గడియారమే గెలుస్తుంది. ఆ వెంటనే హార్వర్డ్‌లో రెండేళ్లు చార్లెస్ లాన్‌మన్ దగ్గర సంస్కృతం, తర్వాత జేమ్స్ వుడ్స్ దగ్గర ఏడాది పాటు పతంజలి యోగదర్శనం చదువుకొన్నాడు. 'ది వేస్ట్ లాండ్' రాసే రోజుల్లో బౌద్ధం స్వీకరించాలని గట్టిగానే ఆలోచించినట్టు ఇలియట్ చెప్పగా విన్నానని స్టీఫెన్ స్పెండర్ నమోదు చేశాడు. 1927లో జరిగింది పుట్టిన కోరికకు ఒక చిరునామా దొరకడం. కోరిక పుట్టి అప్పటికి పదిహేడేళ్లు దాటింది.

ఇక ధీరత్వం సంగతి. 'ది వేస్ట్ లాండ్'ను ఇలియట్ చాలావరకు 1921 శరత్తులో, మనసు కుదురు తప్పి బ్యాంకు ఉద్యోగానికి సెలవు పెట్టి, మార్గేట్‌లోనూ లొజాన్‌లోనూ ఉన్న రోజుల్లో రాశాడు. ఎజ్రా పౌండ్ దాన్ని నిర్దయగా కత్తిరించాడు. ఆ కవిత గొప్పతనాన్ని ఇక్కడ ఎవరూ కాదనడం లేదు. కానీ అందులోని చావులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూస్తే వింత బయటపడుతుంది. నీట మునిగిన ఫ్లీబస్ ప్రాచీన ఫినీషియా నావికుడు. లండన్ బ్రిడ్జి మీద నడిచే జీవచ్ఛవాల గుంపు డాంటే నరకం లోంచి వచ్చినది. తోటలో పాతిన శవం మొలకెత్తిందా అన్న ప్రశ్న జేమ్స్ ఫ్రేజర్ 'ది గోల్డెన్ బౌ'లో వర్ణించిన సస్యదేవతల పూజల వాసన వేస్తుంది. యుద్ధంలో పోయినవాళ్లు ఆ కవితలో లేకపోలేదు, ఉన్నారు, అయితే పురాణపు ముసుగు వేసుకొని ఉన్నారు. 1915లో డార్డనెల్స్‌లో మరణించిన ఇలియట్ స్నేహితుడు ఝాన్ వెర్దనాల్ పేరు అతని మొదటి సంపుటి అంకితంలో కనిపిస్తుంది గాని, ఆ చావుకు ఈ కవితలో సొంత పేరూ సొంత తేదీ దొరకలేదు.

ఇది లోపమని ఇలియట్ అనుకోలేదు, పద్ధతి అనుకొన్నాడు. జేమ్స్ జాయిస్ 'యులిసీస్' మీద 1923లో రాసిన వ్యాసంలో అతడు సమకాలీన చరిత్ర అనే పెద్ద గందరగోళానికి ఒక రూపం ఇవ్వాలంటే పురాణాన్ని చట్రంలా వాడుకోవాలన్నాడు. పురాణంలో చావు తిరిగివస్తుంది, ఋతువు తిరిగివస్తుంది, ఎవరి చావూ ఆఖరిది కాదు. అది చక్రంలా తిరిగే కాలం. తేదీలున్న చరిత్ర నుంచి తేదీల్లేని చక్రంలోకి జరగడాన్ని పలాయనం అనదలిస్తే ఆ మాట 1922కే ముందు వర్తిస్తుంది. విమర్శకులు ధైర్యమని మెచ్చుకొన్నది నిజానికి దూరం. చావును గాజుపలక అవతల పెట్టి చూస్తే ఎవరికీ చెయ్యి వణకదు.

ఆ కవితలోనే దీనికి విరుగుడు కూడా ఉంది, దాన్ని మాత్రం భారతీయ పాఠకుడు ఇంగ్లీషు విమర్శకుడి కంటే సులువుగా పట్టుకోగలడు. బృహదారణ్యకోపనిషత్తు ఐదో అధ్యాయంలో ప్రజాపతి తన మూడు రకాల సంతానానికీ 'ద' అనే ఒకే అక్షరాన్ని ఉపదేశిస్తాడు. దేవతలు దాన్ని దమం అనీ, మనుషులు దానం అనీ, అసురులు దయ అనీ, ఎవరికి కొరవడినది వాళ్లు అర్థం చేసుకొంటారు. లాన్‌మన్ శిష్యుడికి ఈ వరస తెలియక కాదు, ఇలియట్ దాన్ని మార్చాడు: ముందు దానం, తర్వాత దయ, చివర దమం. ఉపనిషత్తు దేవతలతో మొదలైతే ఇలియట్ మనుషులకు చెప్పినదానితో మొదలుపెట్టాడు. ఈ మార్పు గురించి వ్యాఖ్యాతలు ఎన్నో చెప్పారు; ఇక్కడ గమనించవలసింది ఒక్కటే, ఆ కవితలో ఆర్తి దర్శనంగా కాక విధిగా, అంటే రేపు పొద్దున లేచి చేయవలసిన పనిగా ముగుస్తుంది. ఇవ్వడం, దయ చూపడం, అదుపు చేసుకోవడం కాలంలో తప్ప జరిగే పనులు కావు. 'ఫోర్ క్వార్టెట్స్' ఈ కొస పట్టుకొనే ముందుకు సాగింది.

క్వార్టెట్ అంటే పాశ్చాత్య సంగీతంలో నలుగురు కలిసి వాయించే రచన. ఇలియట్ నాలుగు కవితలకూ ఐదేసి భాగాలున్నాయి, నాలుగింటికీ అతనితోగానీ అతని వంశంతోగానీ సంబంధమున్న చోట్ల పేర్లున్నాయి. శాశ్వతత్వంలోకి పారిపోదలచిన కవి తన కవితలకు పటంలో వేలు పెట్టి చూపగలిగిన పేర్లు ఎందుకు పెడతాడన్న చిన్న ప్రశ్నను లీవిస్ లాంటి నిశితమైన చదువరి అంతగా పట్టించుకోకపోవడం ఆశ్చర్యం. మొదటి కవిత 'బర్న్ట్ నార్టన్' గ్లాస్టర్‌షైర్‌లోని ఒక పాత భవంతి పేరు. 1741లో దాని యజమాని సర్ విలియం కీట్ తన ఇంటికి తానే నిప్పుపెట్టుకొని ఆ మంటల్లోనే చనిపోయాడు, ఆ పేరులోని కాలిన గుర్తు అక్కడిదే. 1934లో ఇలియట్, అతని చిరకాల స్నేహితురాలు ఎమిలీ హేల్ ఆ తోటలోకి వెళ్లారు.

ఆ తోటలో నీళ్లు లేని సిమెంటు కొలను ఒకటుంది. కవితలో ఒక్క క్షణం ఆ ఎండిన కొలను ఎండ వెలుతురుతో నీళ్లు నిండినట్టు నిండుతుంది, తామర లేస్తుంది, వెనక ఎవరో నిలబడి నీటిలో నీడగా కనిపిస్తారు. అంతలో మబ్బు అడ్డువచ్చి కొలను మళ్లీ ఖాళీ అవుతుంది. ఇలియట్ రాసిన శాశ్వతక్షణాల్లో అందరూ ఎత్తిచూపేది ఇదే. ఆ క్షణం ఎంతసేపు? ఒక మబ్బు సూర్యుడి మీదికి రావడానికి పట్టినంతసేపు. కాలాన్ని రద్దుచేసే అనుభవాన్ని చెప్పదలచిన కవి దాన్ని కొలవడానికి మబ్బు నడకను ఎంచుకొన్నాడు, అది నిలబడదని అక్కడే ఒప్పుకొన్నాడు, ఆపైన అలాంటి ఘడియను గుర్తుపెట్టుకోవాలన్నా గులాబీతోటా వాన పడుతున్న పందిరీ పొద్దుగూకే వేళ చర్చీ లాంటి చోటూ వేళా ఉండి తీరాలని వాదం కూడా చేశాడు. జరగని పనులు, తెరవని తలుపులు, మరోలా ఉండగలిగిన జీవితం ఈ కవిత మొదటి నుంచి చివరి దాకా పాఠకుడి వెంట నడుస్తాయి. దీన్ని ఊరట అనడానికి చాలా మొండిధైర్యం కావాలి.

రెండో కవిత 'ఈస్ట్ కోకర్' 1940 వసంతంలో, ఈస్టర్ పండుగ వేళ, ఒక వారపత్రికలో వచ్చింది. అప్పటికి యుద్ధం మొదలై ఏడు నెలలు. సోమర్సెట్‌లోని ఆ పల్లె నుంచే పదిహేడో శతాబ్దంలో ఆండ్రూ ఇలియట్ అనే పూర్వీకుడు అమెరికాకు వెళ్లాడు, 1965లో కవి చితాభస్మం తిరిగి అక్కడి చర్చికే చేరింది. కవిత మొదటి భాగంలో వేసవి రాత్రి పొలంలో మంట చుట్టూ పెళ్లినాట్యం చేస్తున్న పాతకాలపు రైతులు కనిపిస్తారు. వాళ్లను వర్ణించేటప్పుడు ఇలియట్ 1531 నాటి సర్ థామస్ ఎలియట్ గ్రంథంలోని మాటలను ఆ కాలపు వర్ణక్రమంతోనే, అంటే నేటి పాఠకుడికి తప్పు స్పెల్లింగులా కనిపించే పాత రాతతోనే దింపాడు. చూడడానికి ఇది చిలిపి అలంకారం. చేసే పని మాత్రం పెద్దది. చదివే కన్ను ఆ పాత అక్షరాల దగ్గర తట్టుకొని ఆగుతుంది, నాలుగు వందల ఏళ్లు అక్కడ కాగితం మీద కళ్లకు కనిపిస్తాయి. నాట్యం చేసే ఆ పాదాలు మట్టివి, ఆ మట్టి కింద పంటకు ఎరువైన పూర్వీకులున్నారు, కాసేపటికి ఈ నాట్యమూ పేడలో, చావులో కలిసిపోతుంది. 'ది వేస్ట్ లాండ్' శవం మొలకెత్తుతుందా అని పురాణపు ప్రశ్న వేసింది. ఇక్కడి శవాలు ఎరువవుతాయి, అంతకు మించి ఏ హామీ లేదు.

ఆర్వెల్ ఆక్షేపణకు సమాధానం సరిగ్గా ఈ కవిత మూడో భాగంలో ఉంది. అందులో ఇలియట్ లండన్ భూగర్భ రైలును పట్టుకొస్తాడు: రెండు స్టేషన్ల మధ్య సొరంగంలో బండి అనుకొన్నదానికంటే ఎక్కువసేపు ఆగితే ప్రయాణికుల మధ్య మాటలు లేచి, మెల్లగా చల్లారి, ఒక్కొక్క ముఖం వెనకా ఆలోచించడానికి ఏమీ లేని భయం పెరుగుతుంది. స్పెయిన్ దేశపు పదహారో శతాబ్దపు యోగి సెయింట్ జాన్ ఆఫ్ ద క్రాస్ చెప్పిన చీకటి మార్గాన్ని, అంటే ఉపనిషత్తుల 'నేతి నేతి' లాగా ఒక్కొక్క ఆధారాన్నీ కాదనుకొంటూ పోయే దారిని, కవి ఆ సొరంగంలోంచి మొదలుపెట్టాడు. అక్కడ అతడు ఆశను కూడా పక్కన పెట్టమంటాడు, ఎందుకంటే మనిషి ఆశపడేది తరచు తప్పుడు వస్తువు మీదే. స్వర్గాన్ని అక్షరాలా నమ్మడం లేదు కాబట్టి ఇది డొల్ల విశ్వాసమన్నాడు ఆర్వెల్. స్వర్గాన్ని ఇంకా చూపనే చూపని కవిత మీద ఆ అభియోగం ఎలా నిలుస్తుంది? టెన్నిసన్ 'ఇన్ మెమోరియం' మీద 1936లో ప్రచురించిన వ్యాసంలో ఇలియట్ ఆ కావ్యాన్ని మతకావ్యం చేసింది అందులోని విశ్వాసం కాదనీ, అందులోని సందేహం నాణ్యత అనీ రాశాడు. 'బర్న్ట్ నార్టన్' అచ్చయిన ఏడు కూడా అదే. తన కవిత్వాన్ని ఏ తూకంతో తూచాలో అతడే చెప్పి ఉండగా, విమర్శకుడు మరో దుకాణం నుంచి త్రాసు తెచ్చాడు.

దీనికి ఎదురుగా భారతదేశంలో వినిపించే మాట ఒకటుంది, అదీ దీని కవలపిల్లే. ఇలియట్ గీతను తలచాడు కనుక 'ఫోర్ క్వార్టెట్స్' ఇంగ్లీషు బట్టలు కట్టుకొన్న వేదాంతమనీ, అందులో కాలం మాయ అనీ మురిసిపోయేవాళ్లున్నారు. 1929 నాటి డాంటే వ్యాసంలో ఇలియట్ తాను ఎరిగినంతలో 'డివైన్ కామెడీ' తర్వాత అంతటి తాత్విక కావ్యం భగవద్గీతే అన్నమాట నిజం. మూడో కవిత 'ది డ్రై సాల్వేజెస్'లో కృష్ణార్జునులు పేరుతో సహా వస్తారన్నదీ నిజం. అయితే అక్కడ అతడు తీసుకొన్నది మాయావాదం కాదు. గీత ఎనిమిదో అధ్యాయంలో, చివరి ఘడియలో మనిషి ఏ భావాన్ని తలుస్తాడో దాన్నే పొందుతాడని చెప్పి, ఆ వెంటనే కాబట్టి ఎల్లవేళలా స్మరిస్తూ యుద్ధం చెయ్యమంటాడు కృష్ణుడు. ఇలియట్ ఈ చివరి ఘడియను ప్రతి ఘడియకూ వర్తింపజేశాడు: రైలెక్కినవాళ్లూ ఓడ ఎక్కినవాళ్లూ దిగేటప్పటికి వాళ్లే కారు, ప్రతి క్షణమూ ఒక చావు, కాబట్టి ఫలం లెక్క చూసుకోకుండా ముందుకు సాగాలి. బాంబులు పడుతున్న 1941 తొలినాళ్లలో ఇది సన్యాసం పుచ్చుకోమనే మాట కాదు. పైగా అదే కవిత చివర అతడు క్రైస్తవ అవతరణ మీద నిలబడ్డాడు. దేవుడు ఒక్కసారే, రోమన్ సామ్రాజ్యపు ఒక రాష్ట్రంలో, ఒక గవర్నరు ఏలుబడిలో మనిషిగా బతికి చనిపోయాడన్న నమ్మకం అది. తేదీ మీద ఆధారపడిన మతం కాలాన్ని మాయ అనలేదు.

'ది డ్రై సాల్వేజెస్' నాలుగింటిలో బలహీనమైనదన్న మాట ఒప్పుకోవచ్చు. డొనాల్డ్ డేవీ 1956లో దాన్ని ఏకిపారేసినప్పుడు చూపిన చప్పటి గద్యపు పంక్తులు ఇప్పటికీ చప్పగానే ఉన్నాయి. అయినా మిసిసిపీ నదినీ, మసాచుసెట్స్ తీరంలో కేప్ ఆన్ దగ్గర పడవలను బద్దలుకొట్టే, కవితకు పేరిచ్చిన రాళ్లనూ, తెల్లవారేదాకా మెలకువగా పడుకొని తిరిగిరాని మగవాళ్ల కాలాన్ని వేళ్ల మీద లెక్కపెట్టే జాలరి ఆడవాళ్లనూ చదివినవాడు ఇలియట్ చావుకు మొహం చాటేశాడని చెప్పలేడు. మతం పుచ్చుకొన్నాక అతడు చెడ్డ రచనలు చేశాడా అంటే చేశాడు. 1934 నాటి 'ది రాక్' బృందగీతాల్లో ప్రబోధం వినిపించినంతగా కవిత్వం వినిపించదు. అదే ఏడు వచ్చిన 'ఆఫ్టర్ స్ట్రేంజ్ గాడ్స్' ఉపన్యాసాల్లో యూదుల గురించి రాసిన మాట క్షమించరానిది, ఆ పుస్తకాన్ని అతడు మళ్లీ అచ్చువేయనీయలేదు. హేల్‌కు రాసిన 1,131 ఉత్తరాలు 2020 జనవరిలో ప్రిన్స్‌టన్‌లో తెరిచినప్పుడు అతని స్వభావం గురించి మరికొన్ని ఇబ్బందికరమైన సంగతులు బయటపడ్డాయి. ఇవన్నీ మనిషి పద్దులో రాయవలసినవే. కవితలు కాలం నుంచి పారిపోయాయా అన్న వేరే ప్రశ్నకు వీటిలో దేనిలోనూ జవాబు లేదు.

లీవిస్‌కు జవాబు చెప్పడం ఇంకా సులువు, ఎందుకంటే అతడు అడిగినది పుస్తకంలోనే ఉంది. చతుష్టయంలో 'ది డ్రై సాల్వేజెస్' తప్ప మిగతా మూడింటి ఐదో భాగాలూ మాటలతో చేసే పని మీదే నడుస్తాయి: మాటలు బరువుకు పగిలిపోతాయి, జారిపోతాయి, రెండు యుద్ధాల నడుమ ఇరవై ఏళ్లు చాలావరకు వృథా అయ్యాయి, నేర్చుకొన్నది చేతికొచ్చేసరికి చెప్పవలసింది మారిపోతుంది. మనిషి సృజనను చిన్నబుచ్చినవాడు ఆ సృజన కష్టాన్ని ఇంత నిజాయితీగా పద్దు రాయడు. 'లిటిల్ గిడ్డింగ్' తొలి ప్రతి 1941 జులై నాటికి పూర్తయింది. తన మిత్రుడూ సలహాదారూ అయిన జాన్ హేవర్డ్‌కు రాస్తూ, ఇందులో సొంత జ్ఞాపకపు పదును తగలడం లేదని ఇలియట్ అసంతృప్తి చెప్పుకొన్నాడు. దాన్ని ఏడాది పాటు పక్కన పడేసి, 1942 ఆగస్టులో మళ్లీ చేతబట్టి, సెప్టెంబరులో ముగించాడు. శాశ్వతత్వం చేతికందిన కవికి సొంత జ్ఞాపకం చాలలేదన్న బాధ ఎందుకు?

ఈ సందర్భంలో ఒక పోలిక తప్పదు. డబ్ల్యు.బి. యేట్స్ 'సెయిలింగ్ టు బైజాంటియం'లో ముసలివాడు చచ్చే జంతువులాంటి ఒంటిని విడిచి, ప్రకృతికి బయట బంగారుపిట్టగా మారిపోవాలని కోరుకొంటాడు. కాలం నుంచి తప్పించుకోవాలన్న కోరిక ఆధునిక కవిత్వంలో ఇంత బాహాటంగా మరెక్కడా కనిపించదు. యేట్స్ 1937లో పురోహిత స్వామితో కలిసి పది ఉపనిషత్తులను ఇంగ్లీషులోకి తెచ్చాడు, జీవితమంతా దయ్యాలతోనూ జాతకాలతోనూ కాలక్షేపం చేశాడు; అయినా అతణ్ని పలాయనవాది అని కోర్టుకీడ్చిన విమర్శకులు తక్కువ, ఎందుకంటే అతడు ఏ చర్చి రిజిస్టరులోనూ సంతకం పెట్టలేదు. అభ్యంతరం పలాయనం మీదో సంతకం మీదో ఇక్కడ తేలిపోతుంది. (యేట్స్ కవిత మహత్తరమైనదన్న విషయంలో ఎవరికీ తగాదా లేదు.)

మిగిలిన ఒకే ఒక్క గట్టి ఆక్షేపణ 'లిటిల్ గిడ్డింగ్' ముగింపు గురించి. 1626లో నికొలస్ ఫెరార్ తన కుటుంబంతో ప్రార్థనాజీవితం నెలకొల్పిన ఆ పల్లెకు ఇలియట్ 1936లో వెళ్లాడు. కవిత చివర పద్నాలుగో శతాబ్దపు యోగిని నార్విచ్ జూలియన్ మాట ఒకటి తీసుకొని, అంతా చివరికి చక్కబడుతుందన్న భరోసాతో ముగించాడు, ఇది దుప్పటి కాదా అన్నది ప్రశ్న. జూలియన్ ఆ మాట విన్నది 1373లో ప్రాణం మీదికొచ్చిన జబ్బులో, ప్లేగు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన కాలంలో. విన్నాక కూడా లోకంలో ఇంత పాపముండగా ఇది ఎలా కుదురుతుందని ఆమె దేవుణ్నే నిలదీసింది. ఇలియట్ ఆ భరోసాను తన గొంతుతో చెప్పకుండా ఆమె గొంతు అరువు తెచ్చుకొన్నాడు, అంతకుముందు బాంబు విమానాన్నీ పరిశుద్ధాత్మ పావురాన్నీ ఒకే మంటలో చూపించి, మనిషికి మిగిలింది ఏ మంటలో కాలాలో ఎంచుకోవడమే అన్నాడు. ఆ భరోసా ఎంత ఖరీదుకు వచ్చిందో తెలియాలంటే కవిత చివరి పేజీ నుంచి రెండో భాగానికి తిరిగి రావాలి.

యుద్ధకాలంలో ఇలియట్ లండన్‌లో తాను పనిచేసే ప్రచురణ సంస్థ కప్పు మీద రాత్రులు నిప్పు కాపలా కాశాడు. బాంబుల వల్ల ఎక్కడ మంట లేచిందో చూసి కబురు చెయ్యడం ఆ కాపలాదారుల పని. కూలిన ఇళ్ల దుమ్ము గంటల తరబడి గాలిలో వేలాడి, ఆపైన మెల్లగా దిగి, చొక్కా చేతుల మీదా కోటు మీదా తెల్లటి బూడిదలా పేరుకొనేదని అతడు తర్వాతి రోజుల్లో ఒక మిత్రుడికి చెప్పాడు. 'లిటిల్ గిడ్డింగ్' రెండో భాగం మొదట్లో ఒక ముసలివాడి చొక్కా చేతి మీద ఆ బూడిదే ఉంటుంది. అంతకుముందు అది ఒక ఇల్లు, ఒక గోడ, గోడలోని ఎలక. ఇరవై ఏళ్ల కిందట ఫినీషియా నావికుడికి ఇచ్చిన చావును ఈసారి కవి తన కోటు మీంచి దులుపుకొంటున్నాడు.

ఆ వెంటనే, చివరి విమానం వెళ్లిపోయాక, తెల్లవారకముందే, తారురోడ్డు మీద ఎండుటాకులు రేకుముక్కల్లా చప్పుడు చేస్తుండగా కాపలా తిరుగుతున్న మనిషికి ఒక అపరిచితుడు ఎదురవుతాడు. ఎందరో చనిపోయిన గురువుల పోలికలు కలిసిన ముఖం అది. అందులో డాంటే ఉన్నాడు, 1939 జనవరిలో ఫ్రాన్స్ తీరాన కన్నుమూసిన యేట్స్ మరీ ఎక్కువగా ఉన్నాడు. డాంటే త్రిపదులను ప్రాస లేకుండా ఇంగ్లీషులో నడిపించిన ఈ భాగానికి పట్టినంత శ్రమ తన రచనల్లో ఇంత నిడివి గల మరే భాగానికీ పట్టలేదని ఇలియట్ 1950లో చెప్పుకొన్నాడు. ఊరట కోసం రాసే కవి పరలోకం నుంచి వచ్చిన గురువు చేత ఊరడింపు మాట చెప్పించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. వచ్చినవాడు చెప్పింది ముసలితనం ఇచ్చే మూడు కానుకల గురించి: ఒంట్లో రుచి చచ్చిపోవడం, లోకం చేసే తెలివితక్కువ పనుల మీద ఏమీ చేయలేని కోపం, మంచి అనుకొని చేసిన పనులు ఇతరులకు చేసిన కీడని ఆలస్యంగా తెలిసి మళ్లీ మళ్లీ కుమిలిపోవడం. బంగారుపిట్ట అవుతానన్న యేట్స్ నోటి నుంచే ఇలియట్ ఈ మాటలు పలికించాడు. హామ్లెట్ తండ్రి ప్రేతం కోడికూతకు మాయమైతే, ఈ ప్రేతం పగిలిన వీధిలో మొహం మసకబారుతూ, విమానాలు దాటిపోయాయని ఊరంతటికీ తెలియజేసే సైరన్ మోతకు మాయమవుతుంది.